ఆటలో దెబ్బ తగిలితే

యాసంగి పంట ఇంటికి చేరింది. బడులకు సెలవులు వచ్చాయి. ఊరి చివర చెల్కలో పిలగాళ్ళు సున్నంతో గీతలు గీశారు. పొద్దుగూకంగ కబడ్డీ మొదలవుతుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎండాకాలం సాయంత్రాలు ఇట్లానే గడుస్తాయి. సంక్రాంతికి, ఉగాదికి, జాతరకు పోటీలు పెడతారు. కొన్ని ఊళ్ళల్ల తాలింఖానాలు ఉన్నాయి. అక్కడ కుస్తీ పడతారు. కర్రసాము నేర్పుతారు.

ఇప్పుడు ఆడపిల్లలు కూడా బరిలోకి దిగారు. బడిలో ఖోఖో ఆడుతున్నారు. కరాటే నేర్చుకుంటున్నారు. ప్రభుత్వ బడుల్లో ఆరో తరగతి నుంచి ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పే పథకం ఉంది. ఆసియా క్రీడల్లో మగవాళ్ళ కబడ్డీ 1990లో మొదలైంది. ఆడవాళ్ళ కబడ్డీ 2010లో వచ్చింది. ఆ ఏడాది బంగారు పతకం మన దేశపు ఆడపిల్లలే తెచ్చారు.

ఆట మంచిదే. కాని ఆటలో దెబ్బలు తగులుతాయి. మన చెల్క నేలల్లో రాళ్ళు ఎక్కువ. ముళ్ళు ఎక్కువ. పట్టుపట్టినప్పుడు నలుగురు ఒకని మీద పడతారు.

ఊరి జట్టును చూడండి. కెప్టెను ఉంటాడు. ఈల ఊదే రెఫరీ ఉంటాడు. కప్పు ఇచ్చే దాత ఉంటాడు. మైకులో మాట్లాడేవాళ్ళు ముగ్గురు ఉంటారు. పడ్డవాణ్ణి చూసుకునే మనిషి మాత్రం ఉండరు.

పడ్డవాడు లేవకపోతే

ఒక ఊరు అనుకుందాం. కూతకు పోయిన పిలగాడు గీత దగ్గర పడ్డాడు. అతని మీద ముగ్గురు పడ్డారు. ముగ్గురూ లేచారు. అతను లేవలేదు.

జనం ఉరికి వస్తారు. ఒకరు చేతులు పట్టి గుంజుతారు. ఒకరు ముఖం మీద చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తారు. ఒకరు నోట్లో నీళ్ళు పోస్తారు. ఒకరు ఉల్లిగడ్డ కోసి ముక్కు కాడ పెడతారు. పిలగాని తల్లి మొత్తుకుంటూ వస్తుంది. అందరిదీ ప్రేమే. కాని ఈ పనుల్లో ఒక్కటి కూడా పనికి రాదు. రెండు పనులయితే ప్రాణం మీదికి తెస్తాయి. తెలివి లేనివాని నోట్లో నీళ్ళు పోస్తే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ ఎముక విరిగినవాణ్ణి గుంజి లేపితే వీపులోని నరం దెబ్బతింటుంది. కాళ్ళు చేతులు పడిపోవచ్చు.

ఆ గుంపులో ప్రథమ చికిత్స నేర్చుకున్న ఒక అక్క ఉంది అనుకుందాం. ఆమె ఏం చేస్తుంది?

మొదట ఆట ఆపిస్తుంది.

"సారూ, ఈల ఊదుండ్రి. అందరు జరా దూరం జరుగుండ్రి. గాలి ఆడనియ్యుండ్రి. ఎవ్వరు లేపొద్దు."

తర్వాత పిలగాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటుంది. తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుంటుంది.

"బిడ్డా, ఇనవడుతుందా? తల ఊపకు. నోటితోని చెప్పు. నీ పేరేంది?"

"అట్ల పండబెట్టి ఉంచుడేంది చెల్లే? లేపుండ్రి నా కొడుకును!" అంటుంది తల్లి.

"వదినా, నువ్వు ఇటు కూసో. వాని కాలు మీద చెయ్యి పెట్టు. నీ చెయ్యి తెలుస్తుందా అని అడుగు. కాలివేళ్ళు ఆడియ్యమను."

ఇది తల్లిని ఊరడించే మాట మాత్రమే కాదు. చెయ్యి ఆనించింది తెలియకపోయినా, కాలివేళ్ళు కదలకపోయినా వీపులోని నరానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. మెడలో నొప్పి ఉన్నా అంతే. అప్పుడు అతణ్ణి ఉన్నచోటనే ఉంచాలి. 108కి ఫోను చేయాలి. బండి వచ్చేదాకా తల, మెడ, ఒళ్ళు ఒకే వరుసలో ఉండేటట్టు చూడాలి. వాంతి వస్తే మాత్రం పక్కకు తిప్పక తప్పదు. అప్పుడు నలుగురు కలిసి తిప్పాలి. తల పట్టుకున్న మనిషి "ఒకటి, రెండు, మూడు" అనాలి. మూడు అనగానే ఒళ్ళంతా ఒక దుంగ దొర్లినట్టు ఒకేసారి తిరగాలి.

పిలగాడు పలకకపోతే ఊపిరి చూడాలి. ఎదురురొమ్ము లేచి పడుతున్నదా? ముక్కు దగ్గర చెంప పెడితే గాలి తగులుతున్నదా? పది సెకన్ల కంటే ఎక్కువ చూడకూడదు.

ఊపిరి ఉంది, తెలివి లేదు. మెడకు దెబ్బ తగిలిన గుర్తులు కూడా లేవు. అప్పుడు మెల్లగా ఒక పక్కకు తిప్పి పండబెట్టాలి. నాలుక గొంతుకు అడ్డం పడదు. వాంతి అయినా బయటికి పోతుంది.

ఊపిరి లేదు. లేదా ఎప్పుడో ఒకసారి ఎగపోసినట్టు తీస్తున్నాడు. అప్పుడు గుండె ఆగినట్టే లెక్క. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు వెంటనే ఛాతీ నొక్కాలి.

ఎట్లా నొక్కాలి? వెల్లకిలా గట్టి నేల మీద పండబెట్టాలి. జొన్నరొట్టె పిండి పిసికేటప్పుడు అరచేతి ఏ భాగంతో ఒత్తుతాం? మణికట్టు దగ్గరి గట్టి భాగంతో కదా. ఆ భాగాన్ని ఎదురురొమ్ము నడుమ ఎముక మీద పెట్టాలి. రెండో చెయ్యి దాని మీద పెట్టాలి. మోచేతులు వంగకూడదు. ఒంటి బరువంతా వేసి కిందికి నొక్కాలి. పెద్దవాళ్ళకు రెండు అంగుళాల లోతు పోవాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్ళీ పైకి లేవనియ్యాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంటే సెకనుకు దాదాపు రెండుసార్లు. రెండు నిమిషాలకే చేతులు గుంజుతాయి. అప్పుడు ఇంకొకరు అందుకోవాలి. 108 వాళ్ళు వచ్చేదాకా ఆపకూడదు. దీనినే సిపిఆర్ అంటారు.

2021 జూన్ 12న డెన్మార్క్ దేశంలో ఫుట్‌బాల్ ఆట నడుస్తున్నది. క్రిస్టియన్ ఎరిక్‌సన్ అనే ఆటగాడు ఎవరూ తగలకుండానే కుప్పకూలాడు. అతని గుండె ఆగింది. తోటి ఆటగాళ్ళు వెంటనే డాక్టర్లను పిలిచారు. వాళ్ళు అక్కడే గడ్డి మీద ఛాతీ నొక్కారు. యంత్రంతో కరెంటు షాకు ఇచ్చారు. ఆటగాళ్ళు చుట్టూ దడిలాగా నిలబడ్డారు. అతను బతికాడు. 2022 ఫిబ్రవరిలో మళ్ళీ ఆడాడు. దవాఖానకు తీసుకుపోయిన తర్వాత చూద్దాం అనుకుంటే అతను బతికేవాడు కాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూడా ఆరోగ్య సిబ్బందికి, పోలీసులకు, ఇంకా చాలామందికి సిపిఆర్ నేర్పించింది.

"ఇంకొక్క కూత, అమ్మా"

అన్నిటికంటే మోసం చేసే దెబ్బ తల దెబ్బ. నెత్తురు కారదు. బొప్పి కూడా కట్టకపోవచ్చు. తల తలకు తాకింది. పిలగాడు ఒక నిమిషం కూర్చున్నాడు. తర్వాత లేచాడు. మట్టి దులుపుకున్నాడు. "నాకేం కాలే, ఇంకొక్క కూతకు పోతా" అన్నాడు. రెండే పాయింట్లు తక్కువ ఉన్నాయి. ఊరంతా కేకలు పెడుతున్నది. కెప్టెనుకు అతనే కావాలి. అతణ్ణి ఆపేవారెవరు?

తల లోపల మెదడు మెత్తగా ఉంటుంది. తలకు దెబ్బ తగిలితే మెదడు లోపలే అదురుతుంది. అదిరిన మెదడు కుదురుకోవడానికి రోజులు పడుతుంది. ఆ లోపల రెండో దెబ్బ తగిలితే మెదడు ఉబ్బవచ్చు. ఇది అరుదు. కాని అయ్యిందంటే చాలావరకు ప్రాణం పోతుంది. పిల్లలకు, యువకులకు ఈ ముప్పు ఎక్కువ.

2011 జనవరిలో ఉత్తర ఐర్లాండ్‌లో ఇట్లానే జరిగింది. 14 ఏండ్ల బాలుడు బడి తరఫున రగ్బీ ఆడుతున్నాడు. రగ్బీ కూడా మన కబడ్డీ లాగానే మీదపడి పట్టే ఆట. అతని తలకు దెబ్బ తగిలింది. అయినా ఆటలోనే ఉన్నాడు. మళ్ళీ దెబ్బలు తగిలాయి. ఆట చివరికి వచ్చేసరికి కూలిపోయాడు. రెండు రోజులకు చనిపోయాడు. తల్లి గీత అవతల నిలబడి ఆట చూస్తూనే ఉంది. రెండో దెబ్బే ప్రాణం తీసిందని 2013లో విచారణలో తేలింది. ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. అందరికీ తెలియాలని తిరిగారు. 2015లో పక్కనే ఉన్న స్కాట్లాండ్‌లో అన్ని ఆటలకూ ఒకే నియమం పెట్టారు. తల అదిరిందని అనుమానం వస్తే చాలు, ఆటలోంచి బయటికి తీయాలి. ఆ రోజు మళ్ళీ దించకూడదు.

మన ఊళ్ళకు కూడా ఈ నియమమే కావాలి. డాక్టరు లేని చోట దీనికంటే మంచి మందు లేదు. ఖర్చు కూడా లేదు. కావలసింది "వద్దు" అనే ధైర్యమే. అది మైకు పట్టుకున్నవాళ్ళకు రావడం కష్టం. గెలుపు మీద వాళ్ళ కన్ను ఉంటుంది. తల్లి కన్ను కొడుకు మీద ఉంటుంది.

తల అదిరిందని ఎట్లా తెలుస్తుంది? పిలగాడు దిక్కులు చూస్తాడు. అడిగిందే మళ్ళీ అడుగుతాడు. ఏ జట్టుతో ఆడుతున్నాడో చెప్పలేడు. తూలుతాడు. తల నొస్తుంది అంటాడు. వెలుతురు చూడలేడు. కడుపులో తిప్పుతుంది అంటాడు. వీటిలో ఒక్కటి కనబడినా ఆ రోజుకు ఆట బంద్. డాక్టరుకు చూపించాలి. ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఒంటరిగా వదలకూడదు. బండి నడపనియ్యకూడదు. డాక్టరు చెప్పకుండా నొప్పి గోలీలు ఇవ్వకూడదు. కొన్ని గోలీలు నెత్తురు గడ్డకట్టకుండా చేస్తాయి.

వాంతులు మళ్ళీ మళ్ళీ అయితే, తలనొప్పి పెరుగుతూ పోతే, మత్తుగా పడుకుని లేపితే లేవకపోతే, ఫిట్సు వస్తే, ఒక కంటిపాప పెద్దగా ఒకటి చిన్నగా కనబడితే, చెవిలోంచి గాని ముక్కులోంచి గాని నీళ్ళ వంటిది కారితే, ఒక చెయ్యి గాని కాలు గాని బలం తప్పితే తెల్లారేదాకా ఆగకూడదు. అర్ధరాత్రి అయినా దవాఖానకు పోవాలి.

ఫిట్సు వచ్చినవాని చేతిలో తాళంచెవి పెట్టడం మన దిక్కు అలవాటు. దానితో లాభం లేదు. పళ్ళ నడుమ చెంచా పెట్టకూడదు. పళ్ళు విరుగుతాయి. చుట్టూ ఉన్న రాళ్ళు తీయాలి. తల కింద మెత్తని గుడ్డ పెట్టాలి. కొట్టుకోవడం ఆగినాక పక్కకు తిప్పాలి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయాలి. తలకు దెబ్బ తగిలి ఫిట్సు వస్తే అయిదు నిమిషాలు కూడా చూడనక్కరలేదు. వెంటనే ఫోను చేయాలి.

నెత్తురు కారితే

కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సంబరం జరుగుతుంది. ఏటా తలలు పగులుతాయి. పగిలిన తల మీద పసుపు అద్దుకుని మళ్ళీ కర్ర పట్టేవాళ్ళు ఉంటారు. మన ఇండ్లల్ల కూడా గాయం మీద పసుపు వేస్తారు. కాఫీపొడి వేస్తారు. బీడీ నుసి, సున్నం పెడతారు. వంటింటి పసుపులో దుమ్ము ఉంటుంది. నుసిలో మురికి ఉంటుంది. గాయం చీము పడుతుంది. డాక్టరు అదంతా కడిగితే గాని లోపల ఎంత తెగిందో చూడలేడు.

కావలసింది ఒక్కటే. శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. పది నిమిషాలు తీయకూడదు. నడుమ నడుమ తీసి చూస్తే కట్టిన గడ్డ ఊడిపోతుంది. గుడ్డ తడిస్తే దాని మీదనే ఇంకో గుడ్డ వేయాలి. నెత్తురు ముట్టేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవాలి. తొడుగు లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచి చుట్టుకోవాలి. చిన్న గాయమైతే సబ్బుతో, మంచి నీళ్ళతో కడగాలి. చెల్కలో, పశువులు తిరిగే చోట తగిలిన గాయానికి ధనుర్వాతం సూది వేయించుకోవాలి.

ముక్కు నుంచి నెత్తురు కారితే తల వెనక్కు వంచుతారు. అది తప్పు. నెత్తురు గొంతులోకి పోతుంది. కూర్చోబెట్టాలి. తల ముందుకు వంచాలి. ముక్కు మెత్తని భాగాన్ని రెండు వేళ్ళతో పది నిమిషాలు పట్టుకోవాలి. నోటితో గాలి పీల్చమనాలి.

మోచెయ్యి తగిలి పన్ను ఊడిందా? పారేయవద్దు. పాలపన్ను అయితే మళ్ళీ వస్తుంది. పెద్ద పన్ను అయితే దాని వేరును ముట్టకుండా తెల్లని భాగం పట్టుకోవాలి. గిన్నెలో పాలు పోసి అందులో వేయాలి. గంట లోపల పళ్ళ డాక్టరు దగ్గరికి చేరితే అతికే ఆశ ఉంటుంది. పట్నం దూరమైతే ఆలస్యం కావచ్చు. అయినా పన్ను వెంట తీసుకుపోవడమే మేలు.

ఎముక, కీలు

చెయ్యి విరిగిందో బెణికిందో చూస్తే తెలియదు. ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. అందుకని అనుమానం ఉంటే విరిగిందనే అనుకోవాలి. గుంజకూడదు. తోమకూడదు. వంకర పోయిన చేతిని సక్కగా చేయాలని చూడకూడదు. ఎట్లా ఉందో అట్లానే కదలకుండా కట్టాలి. అట్టముక్క, బడి పిల్లల స్కేలు, వెదురు బద్ద ఏదైనా దన్నుగా పనికి వస్తుంది. దానికి మెత్తని గుడ్డ చుట్టాలి. విరిగిన చోటికి పైన, కింద ఉన్న కీళ్ళు రెండూ కదలకుండా కట్టాలి. గాజులు, ఉంగరాలు మొదటనే తీయాలి. వాపు వచ్చినాక అవి రావు.

కట్టిన తర్వాత వేళ్ళు చూడాలి. వేలిగోరు నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. వేళ్ళు చల్లబడితే, నల్లబడితే, తిమ్మిరి పడితే కట్టు బిగుతైందని అర్థం. వెంటనే వదులు చేయాలి. ఊళ్ళల్ల కట్టు కట్టేవాళ్ళ దగ్గరికి పోవడం పాత అలవాటు. కొందరికి నయమైన మాట నిజమే. కాని బిగుతు కట్టుతో రక్తం ఆగితే చెయ్యి కుళ్ళుతుంది. అప్పుడు చెయ్యి తీసేయాల్సి వస్తుంది. ముందు ఎక్స్‌రే, తర్వాత కట్టు.

చెయ్యి మెడకు వేలాడదీయడానికి చున్నీ చాలు. ముక్కోణంగా మడిచి కడితే సరిపోతుంది. ఈ ముక్కోణపు గుడ్డతో కట్లు కట్టే పద్ధతిని నూటయాభై ఏండ్ల కింద ఎస్మార్క్ అనే జర్మనీ డాక్టరు అందరిలోకి తెచ్చాడు. సిపాయిలకు అతను గుడ్డల మీద కట్టు బొమ్మలు అచ్చు వేయించి ఇప్పించాడు. చదువు రానివాళ్ళు కూడా బొమ్మ చూసి కట్టేవాళ్ళు.

నల్లగొండ దిక్కు ఒక మాట గుర్తుంచుకోవాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఏండ్ల తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగినవాళ్ళు ఉన్నారు. ఆ నీళ్ళతో కీళ్ళు బిగుసుకుంటాయి. ఎముక పెళుసుగా కూడా అవుతుంది. అట్లాంటివాళ్ళు చిన్నగా పడ్డా ఎముక చూపించాలి.

మడమ బెణికితే ఆట ఆపాలి. చల్లని నీళ్ళలో ముంచిన గుడ్డ పది, పదిహేను నిమిషాలు వేయాలి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి పెట్టాలి. ఒంటి మీద నేరుగా పెట్టకూడదు. మెత్తగా కట్టు చుట్టి కాలు ఎత్తు మీద పెట్టాలి. మొదటి రెండు రోజులు వేడి కాపడం వద్దు. తోముడు వద్దు.

కడుపు మీద మోకాలు తగిలిందా? నొప్పి తగ్గకపోయినా, ముఖం పాలిపోయి చెమటలు పట్టినా లోపల నెత్తురు కారుతుండవచ్చు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకుండా దవాఖానకు తీసుకుపోవాలి.

ఎండ

మన దిక్కు ఎండ సంగతి ఎవరికీ చెప్పనక్కర లేదు. పగటి పూట పోటీలు పెట్టడమే తప్పు. పొద్దున్నే పెట్టాలి. లేదా సాయంత్రం పెట్టాలి. చెమట పోయి నీరసపడినవాణ్ణి నీడకు తేవాలి. ఓఆర్ఎస్ నీళ్ళు తాగించాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే చెరుపు.

పిలగాడు పిచ్చిగా మాట్లాడుతున్నాడా? ఒళ్ళు పెనంలా కాలుతున్నదా? అది వడదెబ్బ. ఒళ్ళంతా నీళ్ళు పోయాలి. తడిగుడ్డ కప్పి విసరాలి. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా నీళ్ళు పోస్తూనే ఉండాలి.

చూసేటోళ్ళకు కూడా

2021 మార్చి 22. సూర్యాపేట. ఒకప్పుడు ఇది నల్లగొండ జిల్లాలోనే ఉండేది. 2016లో వేరే జిల్లా అయ్యింది. ఆ రోజు జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యేవి. వేల మంది చూడడానికి వచ్చారు. మనుషుల బరువుకు గ్యాలరీ ఒకటి ఒక్కసారిగా కూలింది. 100 మందికి పైగా గాయపడ్డారు. ఆటగాళ్ళు ఇంకా కూతకే పోలేదు. దెబ్బలు తగిలింది చూడవచ్చినవాళ్ళకు.

అంతమంది ఒక్కసారి పడితే ఎవరిని ముందు చూడాలి? మొత్తుకునేవాళ్ళ దగ్గరికే అందరూ ఉరుకుతారు. మొత్తుకునేవానికి ఊపిరి ఉంది. మాట్లాడకుండా పడి ఉన్నవాణ్ణి ముందు చూడాలి. నెత్తురు ధార కట్టినవాణ్ణి చూడాలి. నడవగలిగినవాళ్ళను ఒక పక్కకు కూర్చోబెట్టాలి. 108 బండి వచ్చే తోవ ఖాళీ చేయించాలి. తోవ చూపడానికి రోడ్డు మీద ఒకరిని నిలబెట్టాలి. ఈ చివరి పని చిన్నదిగా కనబడుతుంది. కాని ఊరి బయట మైదానం ఎక్కడుందో బండి డ్రైవరుకు తెలియదు.

నేర్చుకోవడం ఎట్లా

చదివితే సగమే వస్తుంది. ఛాతీ నొక్కడం బొమ్మ మీద చేసి చూస్తేనే వస్తుంది. కట్టు పదిసార్లు కడితేనే కుదురుతుంది.

ప్రథమ చికిత్స నేర్పే పాత సంస్థలు రెండు ఉన్నాయి. ఒకటి సెయింట్ జాన్ అంబులెన్స్. అది 1877లో ఇంగ్లండులో పుట్టింది. రెండోది రెడ్‌క్రాస్. మన దేశంలో రెడ్‌క్రాస్ 1920లో ఏర్పడింది. దాని శాఖలు మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ఉన్నాయి.

రెడ్‌క్రాస్ పుట్టుక వెనుక ఆడవాళ్ళ కథ ఉంది. 1859లో ఇటలీలో సోల్ఫెరినో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. వేల మంది సిపాయిలు గాయాలతో పక్కనున్న కాస్తిగ్లియోనే ఊరికి చేరారు. డాక్టర్లు చాలలేదు. ఆ ఊరి ఆడవాళ్ళు నీళ్ళు మోశారు. గాయాలు కడిగారు. ఇంటి గుడ్డలు చింపి కట్లు కట్టారు. మనవాళ్ళు, శత్రువులు అని చూడలేదు. హెన్రీ డ్యూనా అనే స్విట్జర్లాండు వ్యాపారి అక్కడ వాళ్ళతో కలిసి పనిచేశాడు. ఆ సంగతులు 1862లో పుస్తకంగా రాశాడు. మరుసటి ఏడాదే రెడ్‌క్రాస్‌కు పునాది పడింది. వాళ్ళెవరూ చదువుకున్న నర్సులు కారు. మనలాంటి ఇల్లాళ్ళు.

మహిళా సంఘం నెల మీటింగులో ఈ సంగతి ఎత్తవచ్చు. సంఘం తరఫున ఒక కాగితం రాసి రెడ్‌క్రాస్ శాఖకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు గాని ఇవ్వవచ్చు. ఊరి జట్టు నుంచి ఇద్దరు, సంఘం నుంచి ఇద్దరు నేర్చుకుంటే బాగుంటుంది. రెండు మూడేండ్లకు ఒకసారి మళ్ళీ నేర్చుకోవాలి. చేయని పని చెయ్యి మరుస్తుంది.

ఆడవాళ్ళు నేర్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. కరాటే నేర్చే ఆడపిల్ల పడిపోతే మగ సారు ముట్టుకోవడానికి జంకవచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారో అని చూస్తాడు. ఆ పిల్లకు ఊపిరి ఆడకపోతే ఆ జంకులోనే నిమిషాలు పోతాయి.

డబ్బా సంగతి. సబ్బు, గాజుగుడ్డ, దూది, చుట్టే కట్టు, కత్తెర, చేతి తొడుగులు, రెండు పాత చున్నీలు ఉతికి ఆరేసినవి, స్కేలు, టార్చి, ఓఆర్ఎస్ పొట్లాలు. ఒక నోటు పుస్తకం, పెన్ను. పొట్లాల మీద, సీసాల మీద చివరి తేదీ అచ్చు వేసి ఉంటుంది. నెలకు ఒకసారి ఆ తేదీలు చదవాలి. దాటినవి తీసేయాలి. చదువు నేర్చిన అక్కలకు ఇది మంచి పని. డబ్బాకు తాళం వేసి చెవి సర్పంచి ఇంట్లో పెట్టకూడదు. ఆట దగ్గరనే ఉండాలి.

పోటీకి ముందు బరి చూడాలి. రాళ్ళు, గాజుపెంకులు, ముళ్ళు ఏరాలి. నేల తవ్వి మెత్తగా చేయాలి. పిలగాళ్ళ గోళ్ళు కత్తిరించాలి. కడాలు, గొలుసులు తీయించాలి.

చీటీ రాయండి

108 బండి మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. బండి వచ్చినప్పుడు అందులోని మనిషి మొదట అడిగేది "ఏం జరిగింది? ఎప్పుడు జరిగింది?" అని. ఏడుపులో, గాభరాలో తల్లి చెప్పలేదు. చెప్పినా దవాఖానలో ఇంకో డాక్టరు మళ్ళీ అడుగుతాడు. అందుకని ఒక చీటీ రాసి పిలగాని వెంట పంపాలి. కింద ఇచ్చినట్టు మీ నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఖాళీలు ఆ రోజు నింపండి.

పేరు: ………… వయసు: …………
దెబ్బ తగిలిన సమయం: …………
ఎక్కడ తగిలింది: …………
తెలివి తప్పిందా? ఎంతసేపు? …………
వాంతి అయ్యిందా? ఎన్నిసార్లు? …………
ఫిట్సు వచ్చిందా? …………
మనం ఏం చేశాం: …………
ఆఖరుసారి ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు: …………
ముందునుంచి ఏవైనా మందులు వాడుతున్నాడా: …………
ఇంటివాళ్ళ ఫోను నంబరు: …………

ఈ కిందివి ఇప్పుడే నింపండి.

మన ఊరి ఆశ కార్యకర్త ఫోను: …………
ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్న ఊరు, ఫోను: …………
ఎక్స్‌రే తీసే దగ్గరి దవాఖాన: …………
మైదానానికి బండి వచ్చే తోవ: …………
డబ్బా ఎవరి దగ్గర ఉంటుంది: …………
డబ్బాలో తేదీలు చూసిన రోజు: …………